దాన్నే అడుగు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. శిబిరం మొదలైన మూడో రోజుకల్లా పిల్లలకూ తెలిసిపోయింది. తెలిసినా వాళ్లు భయపడితే కదా. వేసవి సెలవుల్లో ఎనిమిది మంది పిల్లల్నీ నాలుగు రోబోల్నీ ఒకే హాల్లో పెట్టుకుని ప్రోగ్రామింగ్ నేర్పడమంటే ఏమిటో నేర్పినవాళ్లకే తెలియాలి. ఒకడి వైరు ఊడుతుంది, ఇంకొకత్తె చక్రం పోతుంది, అన్నీ కుదిరి రోబో కదిలే వేళకు అందరికీ ఒకేసారి దాహం వేస్తుంది.

నా శిబిరంలో రెండే నియమాలు. ఒకటి, రోబో నడుస్తున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకోవాలి. అది దారి తప్పినా, గోడకు గుద్దుకున్నా, బోర్లా పడినా ఎవరూ ముట్టుకోకూడదు. చేత్తో సరిచేసేస్తే ప్రోగ్రాంలో తప్పు అలాగే ఉండిపోతుంది. రెండోది, జేబులు ఖాళీగా ఉండాలి. పిల్లలు నేల మీదకు వంగి చూస్తారు. జేబుల్లోంచి గోళీలూ తాళంచెవులూ జారి రోబో దారిలో పడతాయి. వాటిని చూసి అది పక్కకు తిరుగుతుంది. ప్రోగ్రాంలోనే తప్పుందనుకుని మేం బుర్రలు బద్దలు కొట్టుకుంటాం. మొదటి రోజున ఎవడి జేబులోంచో పడ్డ ఒక సీసా మూత పుణ్యమా అని పూటంతా వృథా అయింది. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే తలుపు దగ్గర స్టీలు పళ్లెం పట్టుకుని నిలబడుతున్నాను. అందరూ జేబులు దులిపితేనే లోపలికి రానిస్తాను.

ఆ రోజు ఆ పళ్లెంలో ఒక ఇన్‌హేలర్ కూడా పడింది. పడిందని ఎందుకు, నేనే వేశాను.

అది మా అక్క కూతురిది. దానికి తొమ్మిదేళ్లు. మంచి పేరే పెట్టారు గాని ఆ పేరుతో ఎవరూ పిలవరు, అందరికీ అది 'ఎందుకమ్మ'. నిద్ర లేచిన దగ్గర్నుంచి ఎందుకు, ఎందుకు అంటూ ప్రాణాలు తోడేస్తుంది. శిబిరంలో నన్ను పిన్నీ అనకూడదు, మేడమ్ అనాలి అని ముందే గట్టిగా చెప్పాను. ఎందుకని అడిగింది. మిగతా పిల్లల ముందు బాగుండదన్నాను. బాగా ఆలోచించి, రెండూ కలిపి 'పిన్ని మేడమ్' అంది. మధ్యాహ్నానికల్లా మిగతా ఏడుగురూ అదే పట్టుకున్నారు.

దానికి ఉబ్బసం. కాస్త దుమ్ము తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. మా అక్క బట్టలు కుడుతుంది. కూతురికి కుట్టే ప్రతి గౌనుకూ కుడిపక్కన ఒక లోతైన జేబు, ఆ జేబుకు మూత, మూతకు పెద్ద గుండీ పెడుతుంది. ఆ జేబు ఇన్‌హేలర్ కోసమే. మెడ చుట్టూ ఒక మందపాటి తువ్వాలు కూడా వేసి పంపుతుంది, దుమ్ము లేస్తే ముక్కుకు అడ్డం పెట్టుకోమని. శిబిరంలో చేర్చే రోజున నన్ను గుమ్మంలోనే నిలబెట్టి పాఠం చెప్పింది.

"కూత వినపడితే కంగారు పడకు. రెండు పీల్పులు ఇప్పిస్తే తగ్గిపోతుంది. ఎగశ్వాస తీస్తూనే ఉండి కూత ఆగిపోయిందనుకో, అప్పుడు భయపడు. లోపలికి గాలే పోవట్లేదని అర్థం. వింటున్నావా? నీకు నోరు తప్ప చెవుల్లేవు, అందుకని మళ్లీ అడుగుతున్నా."

"వింటున్నానక్కా. నేల మీద బొమ్మలు తిప్పుకోడానికి ఇంత హడావిడా?" అన్నాను.

ఆ పొద్దున తలుపు దగ్గర అది జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దీనికి గుండీ ఉంది పిన్ని మేడమ్. పడదు."

అంతకు ముందురోజు దాకా నేనూ దాన్ని వదిలేస్తూ వచ్చాను. ఆ రోజు వెనకాల నిలబడ్డ ఒకడు, "మీ అక్క కూతురని దానికి వేరే రూలా?" అని నసిగాడు. నాకు తిక్క రేగింది. నేనే ఆ గుండీ విప్పి, ఇన్‌హేలర్ తీసి పళ్లెంలో పడేశాను. "బల్ల మీదే కదా ఉంటుంది, ఎక్కడికి పోతుంది?" అన్నాను. అది ఎందుకని అడగలేదు. ఎప్పుడూ అడిగే పిల్ల అడగకపోయేసరికి నాకు గెలిచినట్టే అనిపించింది, సిగ్గులేకుండా.

ఆ రోజు పాఠం దూరం కొలిచే సెన్సర్. రోబో ముందువైపు రెండు గుండ్రటి వెండిరంగు బిళ్లలుంటాయి. చూడ్డానికి కళ్లలాగే ఉంటాయి కాబట్టి పిల్లలు కళ్లనే అంటారు.

"కళ్లు కావర్రా. ఒకటి నోరు, ఒకటి చెవి. నోరు మనకు వినపడని అరుపు ఒకటి అరుస్తుంది. ఎదురుగా ఏదైనా ఉంటే ఆ అరుపు దానికి తగిలి వెనక్కొస్తుంది. చెవి వింటుంది. ఎంత తొందరగా వస్తే అడ్డం అంత దగ్గర్లో ఉన్నట్టు," అని చెప్పాను.

ప్రోగ్రాం చిన్నదే. తిన్నగా వెళ్లాలి. జానెడు దూరంలో అడ్డం కనిపిస్తే 'కీ' మని కూసి, ఖాళీ దొరికేదాకా తిరిగి అటు వెళ్లాలి. ఒకవేళ మూతికి ఏదైనా తగిలితే అక్కడే ఆగిపోవాలి. మూతికి దానికోసం ఒక మీట ఉంటుంది.

ముందుగా ఎందుకమ్మ జట్టు రోబోను వదిలారు. ఆ జట్టులో రెండో పిల్లను మేం 'నాయనమ్మ' అంటాం. ఎనిమిదేళ్లకే అరవయ్యేళ్ల మాటలు మాట్లాడుతుంది. పిల్లలందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. రోబో గోడ దాకా వెళ్లి కీ మని తిరిగింది. బెంచీ దాకా వెళ్లి కీ మని తిరిగింది. ఆ తర్వాత హాలు చివరున్న స్టేజీ వైపు నడిచింది. ఆ స్టేజీ చెక్కలతో కట్టింది. ముందువైపు కింద ఒక చెక్క ఊడిపోతే ఆ సందు కనపడకుండా నేలదాకా మందపాటి ముఖమల్ పరదా వేలాడదీశారు. పరదా దగ్గర కీ మనాలి. అనలేదు. తిన్నగా పరదాలోకి దూరి, సందులోంచి స్టేజీ కిందకు వెళ్లిపోయింది.

"పిన్ని మేడమ్, గోడను చూసింది, బెంచీని చూసింది. పరదాను ఎందుకు చూడలేదు?" అంది ఎందుకమ్మ.

సరిగ్గా అప్పుడే హాలు అవతలి కొసన కాలిన వాసన. ఎవడో జారుకుని వెళ్లి బ్యాటరీకి వైర్లు తారుమారుగా తగిలించాడు. నేను పరుగెత్తాను. అది నా వెనకాలే వచ్చింది.

"పరదా కూడా అడ్డమే కదా? మరి ఎందుకు చూడలేదు?"

"నా ప్రాణం తియ్యకే. వెళ్లి దాన్నే అడుగు."

దానికి జవాబు నాకు తెలుసు. ఒక్క వాక్యం. అది చెప్పడానికి పట్టే వ్యవధిలోనే ఈ మాట అన్నాను.

బ్యాటరీ ఊడబెరికి, కిటికీ తెరిచి, వైర్లు తగిలించిన మహానుభావుణ్ణి చెడామడా దులిపి, మిగతావాళ్ల దగ్గరకు తరిమి వెనక్కి తిరిగాను. పిల్లలందరూ స్టేజీ ముందు వరసగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. వరసలో ఒకరు తక్కువ.

"ఎందుకమ్మ ఏదీ?"

"దాన్ని అడగడానికెళ్లింది. మీరే కదా అడగమన్నారు," అంది నాయనమ్మ. చేతులు వెనకాల ఉన్నాయి కాబట్టి గడ్డంతో పరదా వైపు చూపించింది.

"స్టేజీ కిందకా? వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నావా? చెయ్యి పట్టుకుని ఆపొద్దూ?"

"రోబో నడుస్తోంది కదా పిన్ని మేడమ్."

నా నియమం నాకే అప్పజెప్పింది.

పరదా ఎత్తి నేల మీద బోర్లా పడుకున్నాను. సందులో నా తల పట్టింది, భుజాలు పట్టలేదు. ఫోను లైటు వేసి చూస్తే లోపలంతా ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము. పైచెక్కల్ని మోసే రెండు ఇటుక గోడల మధ్య ఇరుకు దారి తిన్నగా వెళ్లి, ఒక స్తంభం దగ్గర ఆగి, ఎడమకు తిరుగుతోంది. దుమ్ములో దాని మోచేతుల గీతలు ఆ మలుపు దాకా కనిపించాయి. మలుపు తర్వాత ఏముందో కనపడదు. రోబో చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఏమే, బయటికి రా. ఏమీ అననులే, రా."

"పిన్నీ," అని వినిపించింది స్తంభం వెనకనుంచి. మేడమ్ లేదు. "వెనక్కొస్తుంటే... కుర్చీలు జారాయి. కాలు... ఇరుక్కుంది."

స్టేజీ కింద పాత ఇనప మడత కుర్చీలు పెట్టి ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కో మాటకీ మధ్య సన్నటి కూత వినపడుతోంది.

లేచి పరుగెత్తి పళ్లెంలోంచి ఇన్‌హేలర్ తీశాను. తీసి ఏం చెయ్యను? విసిరితే స్తంభానికి తగిలి ఆగిపోతుంది. కర్రతో తోద్దామంటే కర్ర వంగదు. "నేను సన్నంగా ఉంటాను, దూరిపోతాను," అంది నాయనమ్మ. "నోరు మూసుకుని నిలబడు," అన్నాను. లోపల ఒకత్తె ఉన్నది చాలదూ?

అంబులెన్సుకు ఫోను చేశాను. బయల్దేరామన్నారు. ఈలోగా మా కేకలు విని హాలు చూసుకునే ముసలాయన వచ్చాడు. నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి ఉంటుందని పిల్లలు ఆయన్ని 'తాళాల తాత' అంటారు. సంగతి వినగానే వెళ్లి రంపం, సుత్తి తెచ్చాడు.

"పక్కకు జరగమ్మా. పైచెక్క కోసేస్తే చిటికెలో పని."

స్టేజీ ఎక్కి సుత్తితో రెండు దెబ్బలు వేశాడో లేదో, కింద చెక్కల సందుల్లోంచి దుమ్ము జలజలా రాలింది. లోపల ఒకటే దగ్గు. దగ్గు ఆగాక కూత ఇంకా సన్నబడింది. నేను స్టేజీ మీదకు ఎగబడి ఆయన చేతిలో సుత్తి లాక్కున్నాను.

"ఆపు తాతా. దుమ్ముతో చంపేసేలా ఉన్నావు దాన్ని."

ఆయన నొచ్చుకోలేదు. "అయితే వెనక గోడకు చిన్న తలుపుంది. బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయున్నాయి. నూనె పోసి తిప్పాలి. టైం పడుతుంది మరి," అన్నాడు.

"నీకు దండం పెడతా, వెళ్లు."

ఆయన వెళ్లాడు. నేను ఒక చేత్తో ఇన్‌హేలర్ పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక, కాళ్ల దగ్గరున్న రెండో జట్టు రోబో వైపు చూస్తూ నిలబడిపోయాను. నాయనమ్మ కూడా దాన్నే చూస్తోంది.

"ఇది స్తంభాన్ని చూసి తిరుగుతుంది కదా పిన్ని మేడమ్," అంది నెమ్మదిగా.

తిరుగుతుంది. స్తంభం దగ్గర కీ మని, ఖాళీ కోసం వెతికి, ఎడమకు తిరుగుతుంది. మాకు కావలసింది అదే. పిల్లల చేతులు నా చేతుల కన్నా నిలకడగా ఉన్నాయి. వాళ్లే రబ్బరు బ్యాండ్లతో ఇన్‌హేలర్‌ను రోబో వీపు మీద బిగించారు. నేను సందులో మూతి పెట్టి లోపలికి చెప్పాను.

"రోబో వస్తోంది. దాని మీద నీ మందుంది. తీసుకో. నువ్వేం మాట్లాడకు, ఊపిరి దాచుకో. మందు అందితే కుర్చీ మీద ఒక్కసారి కొట్టు."

రోబోను వదిలాం. ఎవరూ చెప్పకుండానే పిల్లలందరి చేతులూ వెనక్కి వెళ్లిపోయాయి. మోటారు చప్పుడు లోపలికి వెళ్లింది. కీ అంది. స్తంభం. తిరిగింది. చప్పుడు ఇంకొంచెం దూరం వెళ్లింది. మళ్లీ కీ అంది. పిల్లను చూసిందనుకున్నాను. ఇక కుర్చీ చప్పుడు కోసం చెవి నేలకానించి ఎదురుచూశాను. కుర్చీ మోగలేదు. మోటారు చప్పుడు మాత్రం పెరుగుతూ వచ్చింది. ఇంకొకసారి కీ అంది. పరదా కదిలింది. కిందనుంచి రోబో బయటికొచ్చింది, వీపు మీద ఇన్‌హేలర్ ఉన్నది ఉన్నట్టే ఉంది.

దాన్ని ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. కాని అది ఏ తప్పూ చెయ్యలేదు. మేం చెప్పింది చెప్పినట్టే చేసింది. జారిన కుర్చీల ఇనుము ఎదురుగా అడ్డం కనిపించింది, పక్కకు తప్పుకుని వచ్చేసింది. శిబిరం మొదలైన దగ్గర్నుంచి నేను నేర్పింది అదొక్కటే, అడ్డమొస్తే తప్పుకోమని. ఎవరి దగ్గరికైనా వెళ్లి ఆగమని ఒక్కనాడూ నేర్పలేదు.

ప్రోగ్రాం మార్చాలి. మొదటి అడ్డాన్ని చూసి తిరగాలి, రెండోసారి చూసినా చూడనట్టే ముందుకు పోవాలి. ల్యాప్‌టాప్ నేల మీదకు లాక్కుని కూర్చున్నాను. అప్పుడే ఫోను మోగింది. మా అక్క. పిల్లను తీసుకెళ్లడానికి బయల్దేరేముందు రోజూ చేస్తుంది.

"వస్తున్నా. తయారుగా ఉందా?"

"అక్కా, తొందరగా రా. దానికి ఆయాసం వచ్చింది."

"జేబులో ఉందిగా? ఇచ్చావా?"

రోబో వీపు మీదున్న ఇన్‌హేలర్ వైపు చూశాను.

"జేబులో ఉందిగా?" మళ్లీ అడిగింది.

"నా దగ్గరుంది," అన్నాను.

ఫోను పెట్టేసింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

కేబుల్ పెడితే ల్యాప్‌టాప్ రోబోను గుర్తించలేదు. తీసి మళ్లీ పెట్టాను. తెర మీద ఏదో అడుగుతోంది, అక్షరాలు అలుక్కుపోయి కనపడ్డాయి. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. నాయనమ్మ వచ్చి కేబుల్ కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. పరదా దగ్గర కూర్చోబెట్టిన పిల్లవాణ్ణి, "కూత వినపడుతోందా?" అని అడిగాను. "కొంచెం కొంచెం," అన్నాడు. కాసేపాగి, "ఇప్పుడు సరిగ్గా వినపడట్లేదు," అన్నాడు. మా అక్క మాట చెవుల్లో గింగిరాలు తిరిగింది.

టంగ్.

లోపలనుంచి. ఇనుము మీద దెబ్బ. అందరం ఉలిక్కిపడ్డాం. మందు అందితే కొట్టమన్నాను, మందు మా దగ్గరే ఉంది.

టంగ్. టంగ్. మళ్లీ టంగ్.

"పంపమంటోంది," అంది నాయనమ్మ.

"ఇంకా మార్చలేదు. ఇలాగే పంపితే మళ్లీ వెనక్కే వస్తుంది. ఆగు."

"అది పంపమంటోంది పిన్ని మేడమ్. ఏదో చేసే ఉంటుంది."

"దానికేం తెలుసే?"

అన్నాను గాని ఆ మాట నాకే నచ్చలేదు. చీకట్లో ఆ కుర్చీల పక్కన ఉన్నది అది. రోబో ఏం చూసి తిరిగిపోయిందో చూసింది అది. నేను ఇక్కడ వెలుగులో కూర్చుని, చూడని దారికి ప్రోగ్రాం రాస్తున్నాను. అయినా చెయ్యి ఆడలేదు. మళ్లీ వెనక్కొస్తే? అంత వ్యవధి ఇంకా ఉందా? లోపల దెబ్బలు బలహీనపడుతున్నాయి. టంగ్ అన్నది టిక్కు మంటోంది. ప్రశ్న అడిగిన ప్రతిసారీ కసిరాను. ఇప్పుడు ఇనుము కొట్టి అడుగుతోంది.

కేబుల్ ఊడబీకాను. ప్రోగ్రాం మార్చకుండానే రోబోను సందులో పెట్టి వదిలాను.

మోటారు చప్పుడు లోపలికి వెళ్లింది. కీ. స్తంభం. తిరిగింది. చప్పుడు దూరమైంది. రెండో 'కీ' ఇక్కడే రావాలి. నేను కళ్లు మూసుకున్నాను. రాలేదు. మోటారు నడుస్తూనే ఉంది. గుడ్డ ఏదో నేలకు రాసుకున్నట్టు చిన్న చప్పుడైంది. అయినా కీ మనలేదు. వైరు ఊడిపోయిందనుకున్నాను. చెవిటిదాన్ని పంపాను, ఎక్కడో గోడకు గుద్దుకుని అక్కడే ఉండిపోతుందనుకున్నాను.

టప్పుమంది. మోటారు ఆగిపోయింది.

ఆ తర్వాత ఏమీ లేదు. మోటారు లేదు, కుర్చీ లేదు, కూత లేదు. కూత ఆగితే భయపడమంది మా అక్క. పిల్లలు ఒకరినొకరు చూసుకోవడం కూడా మానేశారు. దేవుడికి ఏమేం మొక్కుకున్నానో నాకే తెలియదు, ఆ క్షణాన ఎవరేం అడిగినా ఇచ్చేసేదాన్ని.

ఫుస్.

చాలా చిన్న చప్పుడు. ఇన్‌హేలర్ చప్పుడు. కాసేపటికి మళ్లీ, ఫుస్. ఒక దగ్గు. ఆ తర్వాత కూత మొదలైంది, సన్నగా, తర్వాత గట్టిగా. పిల్లికూత వినపడి సంతోషించిన మనిషి లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. చిట్టచివర కుర్చీ ఒక్కసారి మోగింది. టంగ్.

నాయనమ్మ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, కింద కూర్చుని, పెద్ద పెట్టున ఏడ్చింది. అంతసేపూ ఏడవకుండా నిలబడ్డ పిల్ల. నేను దాన్ని దగ్గరకు తీసుకుని సందులోకి వంగి, "పీలుస్తూ ఉండు తల్లీ, మెల్లగా పీలుస్తూ ఉండు," అంటూనే ఉన్నాను.

వెనక తలుపు బోల్టులు ఊడేసరికి అంబులెన్సు కూడా వచ్చింది. తాళాల తాత పొట్ట మీద పాక్కుంటూ సగం లోపలికి వెళ్లి, కుర్చీలు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా తీసి, దాన్ని బయటికి లాగాడు. జుట్టంతా దుమ్ము, చీలమండ వాచింది, పెదాల రంగు మారింది. ఒక చేతిలో ఇన్‌హేలర్ ఉంది. తాత రోబోల కోసం మళ్లీ లోపలికి తల పెట్టి విసుక్కున్నాడు.

"స్టేజీ కింద కుర్చీకి ఈ తువ్వాలు ఎవరు ఆరేశారమ్మా?"

ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం అక్కడే గోడకానుకుని నిలబడిపోయాను. ఎందుకమ్మ పరదా కట్టింది. మెడలో తువ్వాలు తీసి కుర్చీ మీద వేలాడదీసి, ఇనుము కనపడకుండా చేసింది. ఇందాక ముఖమల్ పరదాలోంచి వెళ్లినట్టే రోబో తువ్వాల్లోంచి తిన్నగా దాని దగ్గరకు వెళ్లి, మూతి తగిలి ఆగింది.

అంబులెన్సులో పడుకోబెట్టి మాస్కు పెట్టారు. మా అక్క వచ్చేసింది. కొలత టేపు మెడలో అలాగే ఉంది. కూతురి మొహం తడిమింది, కాలు చూసింది, తర్వాత జేబు చూసింది. మూత తెరుచుకుని వేలాడుతోంది.

"గుండీ ఎవరు విప్పారు?"

"నేనేనక్కా."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కూతురి చేతిలోంచి ఇన్‌హేలర్ తీసుకుని, దుమ్ము తుడిచి, జేబులో పెట్టి, గుండీ పెట్టింది. గుండీ రెండుసార్లు జారింది.

"ఈ గుండీ మీద ఇంకోసారి చెయ్యి వేశావంటే, ఆ చెయ్యి విరిచి నీ చేతికిస్తా," అంది.

"అలాగే," అన్నాను.

ఎందుకమ్మ మాస్కు కాస్త పక్కకు జరిపింది.

"పిన్ని మేడమ్. దాన్ని అడిగాను."

"ఏమంది?"

"మా రోబో నా చేతిని చూసి తిరిగింది. తువ్వాలును చూసి తిరగలేదు. రెండుసార్లు... చేసి చూశా. మెత్తటిది దానికి కనపడదు."

"మాట్లాడకే, నీకు పుణ్యముంటుంది," అంటూ మా అక్క మాస్కు మళ్లీ పెట్టింది. అది కళ్లు నా మీదనుంచి తీయలేదు. మాస్కు మళ్లీ పక్కకు జరిగింది.

"ఎందుకు కనపడదు?"

అంబులెన్సు తలుపు వేయబోతున్నారు. నేను ఎక్కి దాని పక్కన కింద కూర్చున్నాను.

"అది అరుస్తుంది కదా. గోడకైతే ఆ అరుపు తగిలి వెనక్కొస్తుంది. మెత్తటి గుడ్డలోనైతే ఇంకిపోతుంది, వెనక్కి రాదు. ఏమీ వినపడకపోయేసరికి ఎదురుగా ఎవరూ లేరనుకుంటుంది. అనుకుని ముందుకు పోతుంది," అన్నాను.

చెప్పడం అయిపోయింది. ఇందాక చెప్పినా ఇంతే పట్టేది. మాస్కు కింద దాని పెదాలు మళ్లీ కదిలాయి. చాలన్నట్టు మా అక్క చెయ్యెత్తింది.

"అడగనీ అక్కా," అన్నాను.